బొమ్మలో ఉన్నది ఎవరు, బొమ్మ చెప్తున్నది ఏమిటి: సింహాద్రి అప్పన్న దగ్గర ఒక కళా పాఠం

వీడియోలో పదిహేను నిమిషాల్లో తొందరగా చెప్పిన విషయాన్ని ఇక్కడ కొంచెం నిదానంగా చదువుకుందాం. ఇది పాఠం లాంటిదే. కాబట్టి ముందు ప్రశ్న, తర్వాత వివరం, చివర్లో మీరే చేసి చూసుకునే చిన్న సాధన.

ప్రశ్న ఇది. ఇవాళ ఫోన్‌లో "నరసింహస్వామి, ఉగ్రరూపం, బంగారు కాంతి" అని కొడితే పది సెకన్లలో ఏఐ ఒక బొమ్మ గీసి ఇచ్చేస్తోంది. చూడడానికి ధగధగా మెరుస్తూ ఉంటుంది. వాల్‌పేపర్‌గా పెట్టుకుంటాం, శనివారం స్టేటస్ పెడతాం. మరి ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఒక శిల్పి రాయిని తొలిచి చేసిన నరసింహస్వామి ముందు మనం ఎందుకు ఆగాలి? రెండింటిలో ఉన్నదీ ఒకే స్వామి కదా?

ఈ ప్రశ్న అడిగే కుర్రాళ్ళకి భక్తి లేదని అనుకోకండి. ప్రశ్న సరైనదే. జవాబు మాత్రం ఒక తేడా తెలుసుకుంటేనే దొరుకుతుంది. బొమ్మలో ఉన్నది ఎవరు అనేది ఒక సంగతి. ఆ బొమ్మ మనకి ఏం చెప్తోంది అనేది ఇంకో సంగతి. మొదటిదాన్ని కళలో "వస్తువు" అంటారు. రెండోది "అర్థం". వస్తువు నుంచి అర్థం దాకా మనల్ని నడిపించేది కళ స్వభావం. ఈ మూడు మాటలూ పట్టుకుంటే చాలు. గుడి, డాన్సు, పాట, సినిమా, చివరికి మన దేవుడి గదిలో పటం కూడా వేరేగా కనిపించడం మొదలవుతుంది.

ఉదాహరణ కోసం దూరం వెళ్ళక్కర్లేదు. మా పెందుర్తి నుంచి వేపగుంట, గోపాలపట్నం, ప్రహ్లాదపురం మీదుగా వెళ్తే సింహాచలం వచ్చేస్తుంది. దారిలో ఊరి పేరే ప్రహ్లాదుడిది. ఇంతకంటే మంచి పాఠశాల ఎక్కడ దొరుకుతుంది?

1. కళ స్వభావం: చేతిలో విద్య, మనసులో నిర్ణయం

మన పెద్దలు కళలు అరవై నాలుగు అన్నారు. ఆ జాబితాలో పాట, ఆట, చిత్రలేఖనంతో పాటు పూలమాలలు కట్టడం, వంట చేయడం లాంటివి కూడా ఉన్నాయి. అంటే కళ అనేది ఎక్కడో గ్యాలరీలో వేలాడే వస్తువు అని వాళ్ళు అనుకోలేదు. శ్రద్ధగా నేర్చుకుని, పద్ధతిగా చేసే ప్రతి పనిలోనూ కళ ఉందని వాళ్ళ లెక్క.

దీని మీద విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో చాలా ముచ్చటైన సంభాషణ ఒకటి ఉంది. వజ్రుడు అనే రాజు మార్కండేయ మహర్షి దగ్గరికి వెళ్ళి, దేవతా ప్రతిమలు ఎలా చేయాలో నేర్పమంటాడు. చిత్రలేఖనం తెలియకుండా ప్రతిమ సంగతి తెలియదంటారు మహర్షి. సరే, చిత్రలేఖనమే నేర్పండి అంటాడు రాజు. నృత్యం తెలియకుండా అది పట్టుబడదు. నృత్యానికి వాద్యం తెలియాలి. వాద్యానికి గానం తెలియాలి. అలా రాతి బొమ్మ చెక్కడం నేర్చుకుందామని వచ్చిన రాజు చివరికి పాట దగ్గర తేలతాడు.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోతుంది. ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేద్దామని కూర్చుంటే దానికి ఇంకోటి, దానికి మరోటి కావాలని అడుగుతుంది కదా! కానీ మహర్షి చెప్పిన దాంట్లో ఇంకా లోతు ఉంది. రాయి కదలదు. అయినా మంచి శిల్పం చూస్తే ఇప్పుడే కదిలి ఆగినట్టు ఉంటుంది. ఆ ఆగడంలో ఒక లయ ఉంటుంది. ఆ లయ నృత్యం నుంచి వచ్చింది, నృత్యానికి తాళం నుంచి వచ్చింది. సింహాచలంలో మూలవిరాట్టు నిజరూపం త్రిభంగిలో ఉంటుందని చెప్తారు. త్రిభంగి అంటే శరీరం మూడు చోట్ల వంపు తిరిగి నిలబడే భంగిమ. నాట్యం నేర్చుకునే వాళ్ళు రోజూ వాడే మాటే అది. కర్రలా నిటారుగా నిలబడిన విగ్రహానికీ, మూడు వంపులతో నిలబడిన విగ్రహానికీ ఉన్న తేడా ఒక శిల్పి తీసుకున్న నిర్ణయం.

నిర్ణయం అనే ఈ మాట గుర్తు పెట్టుకోండి. కామసూత్రాలకి జయమంగళ అనే వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రకళకి ఆరు అంగాలు చెప్పాడు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజన, సాదృశ్యం, వర్ణికాభంగం. మన మాటల్లో చెప్పాలంటే ఇలా:

- ఏ ఆకారానికి ఆ ఆకారం తేడా తెలిసేలా గీయడం.
- కొలతలు సరిగ్గా ఉండడం.
- లోపలి భావం బయటికి రావడం.
- మొత్తం మీద ఒక అందం, ఒక పొందిక కుదరడం.
- చూడగానే అసలు వస్తువు తలపుకి రావడం.
- రంగుల్ని, కుంచెని ఎలా వాడాలో తెలియడం.

ఈ ఆరింటిలో ఏదీ "ఎవరి బొమ్మ" అనే ప్రశ్నకి సంబంధించినది కాదు. ఆరూ "ఎలా" అనే ప్రశ్నకి సంబంధించినవే. కళ స్వభావం అంతా ఆ "ఎలా"లోనే ఉంది.

ఇది పెద్ద శిల్పాలకే కాదు. మనకి దగ్గర్లోనే, అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఆ బొమ్మల మీదే. మెత్తటి అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్కని ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఎంత నొక్కాలి, ఎక్కడ ఆపాలి, మెడ దగ్గర ఎంత సన్నబరచాలి అనేది ఏ కొలతల పుస్తకమూ చెప్పదు. చేతికి తెలుసు. వస్తువు చూస్తే ఒట్టి పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. ఆ బొమ్మ ముఖంలో సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందంటే, తల ఎంత వంచాలన్న చిన్న నిర్ణయం నుంచి వచ్చింది.

2. వస్తువు: కథ ఒక్కటే, చెప్పే తీరు వేరు

ఇప్పుడు రెండో మాట. కళలో వస్తువు అంటే అది దేని గురించి అనేది. మన పాఠానికి వస్తువు నరసింహావతారం. కథ అందరికీ తెలిసిందే. హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు, స్తంభం, సంధ్యవేళ, గడప. కొత్తగా చెప్పడానికి కథలో ఏమీ లేదు. మరి ఇన్ని వందల ఏళ్ళుగా, ఇన్ని వేల మంది కళాకారులు దాన్నే మళ్ళీ మళ్ళీ ఎందుకు చేశారు? నాలుగు చోట్లకి వెళ్ళి చూద్దాం.

మొదటిది సింహాచలమే. 11వ శతాబ్దం చివర్లో చోళ కులోత్తుంగుడి కాలంలో వేసిన శాసనం ఇక్కడ ఉంది. ఇప్పుడు మనం చూసే గుడిలో ప్రధాన భాగం 13వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడి కాలం నాటిది. కోణార్క్ సూర్య దేవాలయం కట్టించింది కూడా ఆయనే. గుడి బయటి గోడల మీద స్వామి హిరణ్యకశిపుణ్ణి తొడల మీద వేసుకుని చీల్చుతున్న శిల్పం ఉంటుంది. ఇక్కడ శిల్పి ఎంచుకున్నది ఒక క్షణం, కథలో అతి తీవ్రమైన క్షణం. చేతుల బలం, కింద రాక్షసుడి శరీరం వంగిపోయిన తీరు, అన్నీ రౌద్రాన్నే చెప్తాయి.

రెండోది అహోబిలం, నంద్యాల జిల్లాలో. అక్కడి నవ నారసింహుల్లో ఛత్రవట నరసింహస్వామి ఒకరు. హాహా, హూహూ అనే గంధర్వులు పాడుతుంటే ఈ స్వామి ఆనందంగా విన్నారని స్థల కథ. ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేస్తున్నట్టు ఉంటుంది. ఒక్కసారి ఆలోచించండి. అవే గోళ్ళు, అవే చేతులు. ఒక చోట రాక్షసుణ్ణి చీలుస్తున్నాయి, ఇంకో చోట పాటకి తాళం వేస్తున్నాయి.

మూడోది హంపి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో సింహాచలం వచ్చి స్వామికి కానుకలు సమర్పించారు. అదే రాయల కాలంలో, 1528లో, హంపిలో ఒకే బండ నుంచి 6.7 మీటర్ల ఎత్తున నరసింహ విగ్రహం తొలిచారు. అది నిజానికి లక్ష్మీ నరసింహుడు. తర్వాతి కాలంలో విధ్వంసం జరిగి ఒడిలోని అమ్మవారి విగ్రహం పోయింది. స్వామి వెనక వైపు అమ్మవారి చెయ్యి మాత్రం మిగిలింది. ఇప్పుడు చాలామంది ఆ విగ్రహాన్ని ఉగ్ర నరసింహుడు అని పిలుస్తున్నారు. స్వామి ముఖం మారలేదు. ఆ పెద్ద కళ్ళు అప్పుడూ అవే. పక్కన అమ్మవారు లేకపోయేసరికి చూసేవాళ్ళకి అర్థమే మారిపోయింది. కళలో ఒక భాగం తీసేస్తే మిగిలినది మునుపటిలా ఉండదు అనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

నాలుగోది మన రాష్ట్రంలో కాదు, తమిళనాడులో, తంజావూరు దగ్గర మెలట్టూరు. నాయక రాజుల కాలంలో అటు వెళ్ళి స్థిరపడిన తెలుగు భాగవతుల సంప్రదాయం అక్కడ ఈనాటికీ బతికి ఉంది. ఏటా నరసింహ జయంతి సమయంలో మెలట్టూరు వేంకటరామ శాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రం ఆడతారు. నాటకం తెలుగులోనే. స్త్రీ పాత్రలు కూడా మగవాళ్ళే వేస్తారు. నరసింహుడి ముఖాన్ని ఏడాది పొడుగునా గుడిలో ఉంచి పూజిస్తారు. ఆ పాత్ర వేసే ఆయన ఉపవాసం ఉంటారు. ముఖం పెట్టుకుని స్తంభం నుంచి బయటికి వచ్చాక, ఆవేశంలో ఉన్న ఆయన్ని పక్కవాళ్ళు పట్టుకోవాల్సి వస్తుంది. అక్కడ చూసేవాళ్ళు "నటుడు బాగా చేశాడు" అని చప్పట్లు కొట్టరు, లేచి దండం పెడతారు.

నాలుగు చోట్లా వస్తువు ఒక్కటే. గోడ మీద రౌద్రం, అహోబిలంలో ప్రసన్నత, హంపిలో విరిగిపోయిన దాంపత్యం, మెలట్టూరులో సాక్షాత్తు స్వామి రాక. "ఇది నరసింహస్వామి" అని గుర్తుపట్టి ముందుకి వెళ్ళిపోయేవాడికి ఈ నాలుగూ ఒకటే. ఆగి చూసేవాడికి నాలుగు వేర్వేరు అనుభవాలు.

ఇంకో లెక్క చెప్తాను, ఇంజనీరింగ్ చదివిన వాళ్ళకి బాగా నచ్చుతుంది. ఇంట్లో తాతగారు ఆచమనం చేస్తూ కేశవ, నారాయణ, మాధవ అంటూ నామాలు చెప్పడం వినే ఉంటారు. అవి మొత్తం 24 నామాలు. శిల్పశాస్త్రం ప్రకారం ఈ 24 మంది మూర్తులకీ నాలుగు చేతులే, నాలుగు చేతుల్లోనూ అవే శంఖం, చక్రం, గద, పద్మం. తేడా ఏది ఏ చేతిలో ఉంది అన్నదే. నాలుగు వస్తువుల్ని నాలుగు చేతుల్లో ఎన్ని రకాలుగా పెట్టొచ్చు? నాలుగు ఇంటూ మూడు ఇంటూ రెండు ఇంటూ ఒకటి. సరిగ్గా 24! పర్ముటేషన్లు మనం ఇంటర్‌లో చదివాం. మన స్థపతులు దాన్ని రాతిలో పెట్టారు. చక్రం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారితే మూర్తి పేరే మారిపోతుంది.

ఇప్పుడు ఏఐ బొమ్మ దగ్గరికి రండి. అది శంఖ చక్రాలు గీస్తుంది. ఏ చేతిలో ఎందుకు ఉండాలో చూసుకుని గీయదు. మనం అడిగినదీ, దానికి అందినదీ వస్తువు పేరు మాత్రమే.

3. అర్థం: చెప్పిన మాటకి అవతల

మూడో మాట, అన్నిటికంటే కష్టమైనది. మనం రోజూ "మా ఇల్లు పెందుర్తి మెయిన్ రోడ్డు మీదే అండి" అంటాం. వినేవాడు రోడ్డు మధ్యలో ఇల్లు కట్టుకున్నారని అనుకోడు. రోడ్డు పక్కన అని సర్దుకుంటాడు. అంతేకాదు, ఆ మాటలోంచి ఇంకా కొన్ని వింటాడు: బస్సు దొరకడం తేలిక, రాత్రంతా లారీల మోత, స్థలం రేటు ఎక్కువ. వీటిలో ఒక్కటీ మనం నోటితో చెప్పలేదు. 9వ శతాబ్దంలో కాశ్మీర్‌లో ఆనందవర్ధనుడు దీనికి ధ్వని అని పేరు పెట్టాడు. ఆలంకారికులు చెప్పే ఉదాహరణ గంగ మీద పల్లె. గంగ మీద పల్లె అంటే గట్టు మీద పల్లె అని తెలుస్తుంది, దాంతో పాటు ఆ పల్లె చల్లదనం, పవిత్రత కూడా మనసుకి తడతాయి. గట్టు మీద పల్లె అని నేరుగా చెప్పి ఉంటే అది తట్టదు. కావ్యానికి ఆత్మ ఆ చెప్పకుండా తట్టేదే అని ఆయన సిద్ధాంతం.

మరి ఆ అర్థం ఎక్కడ పుడుతుంది? బొమ్మలోనా, చూసేవాడిలోనా? దీనికి భరతముని నాట్యశాస్త్రంలో వంటతో పోలిక ఉంది. రకరకాల దినుసులు కలిసి వండిన భోజనంలో ఒక రుచి పుట్టినట్టే, విభావాలు, అనుభావాలు, వ్యభిచారి భావాలు కలిస్తే రసం పుడుతుందని చెప్పారు. మనకి ఇంకా తేలిగ్గా అర్థం కావాలంటే అప్పన్న ప్రసాదం పులిహోర తలుచుకోండి. చింతపండు విడిగా తింటే పులుపు. ఆవాలు విడిగా నమిలితే ఘాటు. పసుపు ఒక్కటే నోట్లో వేసుకోలేం. అన్నం చప్పన. అన్నీ కలిసిన చోట వచ్చే రుచి వాటిలో దేని దగ్గరా లేదు. పైగా తినేవాడి నాలుక లేకపోతే ఆ రుచి అసలు లేదు. రసం కూడా అంతే. శిల్పి దినుసులు సరిగ్గా కలపాలి, చూసేవాడు మనసు పెట్టి తీసుకోవాలి. అలాంటి చూపరికి మన శాస్త్రం పెట్టిన పేరు సహృదయుడు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పేగులు బయటికి వచ్చేలా ఒకణ్ణి చీల్చే దృశ్యాన్ని గుడి గోడ మీద చూసి మనకి భయం, అసహ్యం కలగాలి కదా, భక్తి ఎలా కలుగుతోంది? భట్టనాయకుడు, ఆ తర్వాత అభినవగుప్తుడు దీనికి చెప్పిన జవాబు సాధారణీకరణం. కళలో చూసే కోపం ఫలానా మనిషి మీద మనకి ఉన్న సొంత కోపం కాదు. మన సొంత లాభనష్టాల నుంచి విడిపోయిన కోపం అది. అందుకే దాన్ని రుచి చూడగలం. ఆఫీసులో మేనేజర్ మీద వచ్చే కోపం మనల్ని కాలుస్తుంది. గోడ మీద స్వామి రౌద్రం చూస్తే మనలో భయం తగ్గుతుంది, ఎందుకంటే ఆ రౌద్రం ఒక పసివాడి కోసం వచ్చినదని మన మనసుకి తెలుసు. శిల్పంలో ప్రహ్లాదుడు కనపడకపోయినా సరే.

ఇక మన పాఠంలో అసలు ఘట్టం చందనం. సింహాచలంలో మూలవిరాట్టు వరాహ నరసింహ రూపం. వరాహ ముఖం, మనిషి శరీరం, సింహపు తోక. హిరణ్యాక్షుణ్ణి సంహరించిన అవతారం, వాడి అన్న హిరణ్యకశిపుణ్ణి సంహరించిన అవతారం ఒకే మూర్తిలో కలిశాయి. ఇంత అరుదైన రూపం చేసి, మనవాళ్ళు ఏం చేశారు? దాన్ని చందనంతో కప్పేశారు! ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడే నిజరూప దర్శనం. ఆ ముందు చందనాన్ని వెండి బొరిగెలతో తీస్తారు. ఆ రాత్రికే మళ్ళీ పూత మొదలు. అక్షయ తృతీయకి మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోలు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మళ్ళీ మూడేసి మణుగులు. మొత్తం పన్నెండు మణుగులు, సుమారు 500 కిలోల అరగదీసిన చందనం. దాని కింద స్వామి లింగాకారంలో కనిపిస్తారు.

స్థలపురాణం ప్రకారం పురూరవ చక్రవర్తికి స్వామి పుట్టలో దొరికారు. తొలగించిన పుట్టమన్నుకి బదులుగా చందనం పూయాలన్నది ఆజ్ఞ. కళ విద్యార్థిగా చూస్తే ఇక్కడ ఇంకొకటి కూడా కనిపిస్తుంది. వస్తువు కళ్ళకి కనపడకపోయినా అర్థం చేరుతోంది. పైగా ఎక్కువ చేరుతోంది. ఉగ్రమూర్తి అని చెప్తూనే చేతికి చల్లటి గంధం ఇస్తున్నారు. "ఈ రౌద్రం నీ మీద కాదు" అనే మాటని ఏ బోర్డూ చెప్పనంత బాగా ఆ చల్లదనం చెప్తుంది. 364 రోజులు దాచి ఒక్క రోజు చూపించడం వల్ల ఆ ఒక్క రోజు చూపు ఎలా ఉంటుందో, క్యూలో ఎండలో నిలబడిన వాళ్ళని అడగండి.

కనపడనివ్వకుండా చెప్పడం ఒక్క సింహాచలంలోనే ఉందనుకోకండి. అమరావతి స్తూపం తొలి దశ శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం ఉంటాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ ఖాళీ ఆసనానికే చేతులు జోడిస్తారు. ఆ శిల్పి బుద్ధుణ్ణి గీయడం చేతకాక వదిలేశాడని ఎవరూ అనరు. అక్కడ ఖాళీయే మాట్లాడుతోంది.

4. మరి యంత్రం చేసిన బొమ్మ సంగతేంటి?

యంత్రం దేవుడి బొమ్మ చేయడం మన కాలంలో కొత్తగా మొదలైంది కాదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో లితో ప్రెస్ పెట్టారు. అంతకు ముందు దొరల గోడల మీదే ఉన్న వర్ణచిత్రాలు ఆ తర్వాత మామూలు ఇళ్ళకి వచ్చాయి. ఇవాళ మన దేవుడి గదుల్లో లక్ష్మీదేవి, సరస్వతీదేవి పటాల రూపురేఖలకి ఆ ప్రెస్ బొమ్మలు చాలావరకు మూలం. ఆ పటం ముందు మన అమ్మమ్మలు పెట్టిన దీపం నిజమైన దీపమే. కాబట్టి యంత్రం తాకితే భక్తి పోతుందని నేను అనను. కానీ అక్కడ యంత్రం పంచింది ఒక మనిషి తీసుకున్న నిర్ణయాల్ని. చీర మడత ఎక్కడ పడాలి, అమ్మవారి చూపు ఎటు ఉండాలి అన్నది రవివర్మ ఆలోచించి పెట్టారు. ఏఐ బొమ్మలో ఆ నిర్ణయాలు ఎవరివి? మనం టైప్ చేసింది పేరు. మిగతాది లక్షల బొమ్మల పోలికల నుంచి వచ్చింది. దాన్ని వాడుకోండి, తప్పులేదు. వాడే ముందు చేతుల్లో ఆయుధాలు ఎక్కడున్నాయి, చూపు ఎలా ఉంది, ఇది ఏం చెప్తోంది అని ఒక్కసారి అడగండి. అడిగితే ఆ నిర్ణయం మీదవుతుంది.

అసలు నష్టం ఇంకో చోట ఉంది. గుర్తుపట్టడంతో ఆగిపోవడం మనకి అలవాటైతే, పాత శిల్పానికి విలువ ఎక్కడిది? ఊళ్ళల్లో చూస్తూనే ఉంటాం. జీర్ణోద్ధరణ పేరుతో పాత రాతి విగ్రహాలకి నిగనిగలాడే ఎనామిల్ పెయింట్ వేసేస్తారు. ఉలి గీసిన సన్నటి గీతలన్నీ ఆ రంగులో పూడుకుపోతాయి. ఆ పని చేయించే కమిటీ వాళ్ళకి దేవుడి మీద భక్తి తక్కువేం కాదు. సొంత డబ్బు పెట్టి మరీ చేయిస్తారు. వాళ్ళ లెక్కలో స్వామి ఎవరో ఇంకా తెలుస్తూనే ఉంది కదా, ఇంకేం పోయింది? పోయింది అర్థం. వస్తువు మిగిలి, అర్థం రంగు కింద పడిపోయింది. రేపు ఊరి గుడి పనికి విరాళం ఇచ్చేది మనమే, వాట్సాప్ గ్రూపులో "సూపర్" అని పెట్టేది మనమే. ఆ రోజు "ముందు రాయిని శుభ్రం చేయించి చూద్దాం, తెలిసిన స్థపతిని అడుగుదాం" అని ఒక్కరు అన్నా ఒక శిల్పం బతుకుతుంది. అలా అనాలంటే అంతకు ముందు ఆ శిల్పాన్ని చూసి ఉండాలి.

5. ఈసారి వెళ్ళినప్పుడు చేసి చూడండి

సింహాచలమే కానక్కర్లేదు, మీకు దగ్గర్లో ఉన్న ఏ పాత గుడి అయినా సరే.

1. దర్శనం అయ్యాక తొందరపడి ప్రసాదం కౌంటర్ వైపు వెళ్ళకండి. ప్రదక్షిణ చేస్తూ గోడ మీద ఒక్క శిల్పం ఎంచుకోండి. సింహాచలంలో అయితే కల్యాణ మండపంలో 96 స్తంభాలు ఉన్నాయి. ఒక్క స్తంభం చాలు.
2. ముందు వస్తువు: ఇది ఎవరు, ఏ కథ? తెలియకపోతే అర్చక స్వామిని అడగండి.
3. తర్వాత నిర్ణయాలు: ఈ కథలో శిల్పి ఏ క్షణాన్ని ఎంచుకున్నాడు? బరువు ఏ కాలి మీద ఉంది? చూపు ఎటు? ఏది పెద్దగా, ఏది చిన్నగా చేశాడు? ఏది చూపించకుండా వదిలేశాడు?
4. ఆ తర్వాత అర్థం: ఇది చూస్తుంటే నాలో ఏం కదిలింది? దానికి శిల్పంలో కారణం ఎక్కడుంది? "బాగుంది" అని ఆపేయకండి, కారణం వేలు పెట్టి చూపించగలగాలి.
5. ఇంటికొచ్చాక ఫోటో చూడకుండా పెన్సిల్‌తో గీయండి. బొమ్మ బాగా రాకపోయినా పర్లేదు. ఎక్కడ చెయ్యి ఆగిపోయిందో అక్కడ మీరు సరిగ్గా చూడలేదన్నమాట. మళ్ళీ వెళ్ళడానికి అదే కారణం.

మొత్తం పది నిమిషాల పని. మొదటిసారి ఏమీ తోచకపోవచ్చు. మూడో నాలుగో గుడికి వచ్చేసరికి, అవే గోడల ముందు నుంచి ఇన్నాళ్ళూ ఎలా దాటి వెళ్ళిపోయామా అనిపిస్తుంది.

పాఠం సారం ఇంతే. వస్తువు దేవుడి పేరు చెప్తుంది. నిర్ణయాలు ఆయన్ని మన ముందుకి తెస్తాయి. అర్థం మనం మనసు పెట్టినంత మేరకే అందుతుంది. ఆ మనసు పెట్టడం కూడా ఒక సేవే.

వచ్చే వారం మెలట్టూరు భాగవత మేళా గురించి, మన కూచిపూడితో దానికున్న చుట్టరికం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. సింహాద్రి అప్పన్న మనందరినీ చల్లగా చూడాలి. జై నారసింహ!